కరెంటు మేడం

మిర్యాలగూడ బస్టాండులో బండి ఆగి, నేను టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోను మోత మొదలైంది. మా ఇంటర్ గ్రూపు. పొద్దున పూల బొమ్మలు, సాయంత్రం రాజకీయాలు తప్ప ఆ గ్రూపులో మూడోది రాదు కాబట్టి నేను తీయలేదు. ఆగకుండా మోగుతుంటే విసుక్కుంటూ తీశాను. మా జువాలజీ మేడం ఫొటో. చుట్టూ పూలదండ. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట చెప్తే మీరు నన్ను మనుషుల్లో లెక్కెయ్యరేమో. "హమ్మయ్య, చెప్పిన" అన్నాను.

పక్కన టీ ఊదుకుంటున్న మా డ్రైవరన్న తలెత్తాడు. "ఏంది చెల్లె? ఎవరికి ఏం చెప్పినవ్?"

"మా మేడంకు అన్నా. పొయ్యేలోపల చెప్పిన. ఆమె ఇన్నంకనే పోయింది."

ఆయనకేమీ అర్థం కాలేదు. "సరే తీ, ముందుగాల టీ తాగు" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. సూర్యాపేట దాకా టికెట్లు కొడుతూనే ఏడ్చాను. ఆధార్ కార్డు చూపించబోయిన ఒక పెద్దమ్మ కార్డు పక్కన పెట్టేసి, కొంగుతో నా మొహం తుడిచి, "ఎవరు బిడ్డా, మీ అవ్వనా?" అని అడిగింది. కాదు, మా మేడం అన్నాను. "అయ్యో" అని కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. కండక్టర్ డ్యూటీలో కూర్చుని ఏడవడం నాకు అదే మొదటిసారి.

ఆమెను మేం కరెంటు మేడం అనేవాళ్ళం. సూర్యాపేటలో మా జూనియర్ కాలేజీకి రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చేది. మాట ఆ వైపుది. "అవుద్ది", "పోద్ది" అంటుంటే వెనక బెంచీల వాళ్ళు మొదట్లో కిసుక్కున నవ్వేవాళ్ళు. దసరా సెలవులు వచ్చేసరికి వాళ్ళే "మేడం, రేపు పరీక్ష అవుద్దా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆటపట్టిస్తున్నారని ఆమెకు తెలుసు. "అవుద్ది నాయనా, నీకు మాత్రం గట్టిగా అవుద్ది" అనేది.

ఆమెకొక అలవాటుండేది. చేయి పట్టుకోకుండా మాట్లాడేది కాదు. మార్కుల గురించి అడిగినా, లీవు అడిగినా, దారిలో నమస్తే పెట్టినా సరే, ముందు మన మణికట్టు ఆమె గుప్పిట్లోకి పోయేది. అప్పటిదాకా బోర్డు మీద రాసిన చేయి కదా, మాట్లాడి వచ్చిన ప్రతివాళ్ళ మణికట్టుకూ సుద్దతో గాజు తొడిగినట్టుండేది. ప్రిన్సిపాల్ సారుక్కూడా ఒకరోజు ఆ గాజు చూశాం. ఆయన అది తెలియక అలాగే మీటింగుకు పోయాడు.

ఇంకోటి, ఎప్పుడూ రెండు కళ్ళజోళ్ళు. ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. దూరానికి ఒకటి, దగ్గరికి ఒకటి అని చెప్పేది కానీ, ఏది దేనికో ఆమెకే గుర్తుండేది కాదు. అడిగితే, "కన్ను పాఠం చెప్పేదానికి కళ్ళు సరిగ్గా ఉండాలని రూలుందా?" అనేది. చేతిసంచిలో వేయించిన పల్లీల పొట్లం ఎప్పుడూ ఉండాల్సిందే. నిద్రపోతున్నవాడి మీద సుద్దముక్కకు బదులు పల్లీ విసిరేది. మావాళ్ళు పల్లీల కోసం దొంగ నిద్రలు పోయేవాళ్ళు.

ప్రాక్టికల్స్ రోజు నోటిమాట పరీక్ష ఉండేది. బయటి నుంచి వచ్చిన సారు ప్రశ్న అడిగేవాడు. సగం చెప్పి ఆగిపోయేవాళ్ళం. ఆమె మా వెనక నిలబడి, మణికట్టు పట్టుకుని, "భయం సంగతి తర్వాత. ముందు మాట పూర్తి చెయ్యి" అనేది. ఎవరేమన్నా చెప్పుకోండి, నేను ఇంటర్ గట్టెక్కింది ఆ ఒక్క మాటతో.

కన్ను పాఠం చెప్పిన రోజు సంగతి చెప్పాలి. కంటి లోపల వెనక గోడకు ఉల్లిపొరంత పల్చటి పొర ఒకటుంటుంది. పుస్తకంలో నేత్రపటలం, దవాఖానలో రెటీనా. అందులో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసేవి దండాలు, పట్టపగటికీ రంగులకూ కోనులు. ఇంతవరకు పుస్తకంలో ఉంది. మేడం పుస్తకం మూసేసింది.

"పట్టుకున్న వెలుతురు సంగతి ఈ కణం పక్క కణానికి ఎట్లా చెప్పుద్ది?" అని అడిగింది. ఆమె సంచిలోంచి పల్లీ తీసి ముందు బెంచీ మీదికి విసిరింది. అక్కడి పిల్ల పట్టుకుంది.

"ఇట్లా. చాలామటుకు కణాలు ఒకదాన్నొకటి ముట్టుకోవు. మధ్యలో సందుంటది. ఇది ఒక మందు విసురుద్ది, అది పట్టుకుంటది. పట్టుకుంటేనే సంగతి ముందుకు పోద్ది. కానీ అన్నీ ఇట్లా కాదు. కొన్ని కణాలు గోడకి గోడ ఆనించి, మధ్యలో చిన్న చిన్న తలుపులు పెట్టుకుంటాయి. విసరటాల్లేవు, పట్టటాల్లేవు. కరెంటు ఇందులోంచి అందులోకి సూటిగా పోద్ది. లేవండి అందరూ. చేతులు పట్టుకోండి."

క్లాసు చుట్టూ ఒకే వరస. ఆమె మొదటివాడి చేయి నొక్కింది. వాడు పక్కవాణ్ణి నొక్కాలి, వాడు ఆ పక్కవాణ్ణి. చివర నిలబడ్డ పిల్ల దగ్గరికి పోయి, "వచ్చిందా?" అని అడిగింది మేడం.

"రాలేదు మేడం."

"ఎక్కడాగింది?"

ఎక్కడాగుతుంది? మగపిల్లల వరస అయిపోయి ఆడపిల్లల వరస మొదలయ్యే చోట ఆగింది. ఆ చివరి మగపిల్లాడు కోదాడ దగ్గరి పెద్ద రైతుల ఇంటివాడు. మొదటి ఆడపిల్లను నేను, గొర్ల కాపరుల ఇంటిదాన్ని. వాడు నా చేతి వంక పొయ్యి మీది పెనాన్ని చూసినట్టు చూస్తున్నాడు. నేనేం తక్కువ దాన్నా, నా చేయి చున్నీ కింద దాచేసుకున్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. వాడికి చెమటలు పట్టాయి. ఆఖరికి జేబులోంచి రుమాలు తీసి, ఒక కొస తను పట్టుకుని రెండో కొస నాకు చాపాడు.

మేడం తిడుతుందనుకున్నాం. చప్పట్లు కొట్టింది. "శభాష్! ఇదే సందు. మీ ఇద్దరి మధ్య కరెంటు పోదు. వాడు గుంజాలి, ఈ పిల్లకి తెలియాలి. తెలుస్తది, కానీ కొంచెం లేటవుద్ది." ఆ రోజు నుంచి వాడి పేరు రుమాలు. వాడి పెండ్లిపత్రిక గ్రూపులో పెట్టినప్పుడు కూడా మేమంతా "శుభాకాంక్షలు రుమాలూ" అనే రాశాం.

అప్పుడే ఆమె గొంతు తగ్గించి ఒక ముక్క చెప్పింది. "అమ్మ కడుపులో ఉన్నప్పుడు, ఇంకా కళ్ళు తెరవకముందు, చూట్టానికి ఏమీ లేనప్పుడు ఈ కణాలు ఊరికే ఉంటాయనుకున్నారా? పక్కదాన్ని తడుముకుంటాయి. ముందు ఈ తలుపులు పెట్టుకుంటాయి. ఒకటి కదిలితే పక్కది కదులుద్ది, దాని పక్కది కదులుద్ది, అలలాగా. మందు విసురుకునే సంబంధాలు చాలావరకు తర్వాత కుదురుతాయి. చూపు రాకముందే చుట్టరికం కలుపుకుంటాయన్నమాట."

"ఇది పరీక్షల వస్తదా మేడం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

"రాదు. నీ కంట్లో ఉంది, చాల్దా?" అంది.

ఆ తర్వాత నేను కండక్టరునయ్యాను. మేడం రిటైరై, కోదాడ ఇల్లు ఖాళీ చేసి మిర్యాలగూడలో చెల్లెలి దగ్గరికి చేరింది. నాకేమో సూర్యాపేట–మిర్యాలగూడ బండి పడింది. పని ఉన్నా లేకపోయినా మేడం మా బండెక్కేది. నా సీటు వెనక సీటే ఆమెది. "ఆడవాళ్ళకి డబ్బుల్లేని ప్రయాణం కదా, తిరగనీ" అనేది. పల్లీలు మాత్రం బండి మొత్తానికీ పంచేది. పెంకులు కింద పడేస్తే నేను ఊరుకోనని ఆమెకు తెలుసు. తిరిగి పొట్లంలోనే వేయమనేది.

ఇక నా గోస. మా ఊరు తిరుమలగిరి పక్కన. నన్ను మా మేనమామకే ఇచ్చారు. అంటే మా అమ్మమ్మే నాకు అత్త. మాకొక్కతే బిడ్డ. పొద్దుగూకితే చాలు, గడపకు తట్టుకుని పడేది. కరెంటు పోతే ఎక్కడున్నది అక్కడే కూలబడి, వచ్చేదాకా కదిలేది కాదు. ఏడ్చేది కూడా కాదు. ఒకటో తరగతి పిల్ల, అలా మెదలకుండా కూర్చునేది. నా మొగుణ్ణి నేను ఇప్పటికీ మామ అనే పిలుస్తాను. ఆయన రోజూ సాయంత్రం గొర్లను తోలి వచ్చి, గడపకు సున్నం పూసేవాడు, తెల్లగా కనిపిస్తే దాటుతుందని.

రేచీకటికి మా ఇళ్ళలో ఒకటే మందు, కార్జం. గొర్లూ మేకలూ ఉన్న ఇల్లు, కార్జానికి కరువా? ఊళ్ళో ఎవరు యాట కోసినా కార్జం మా ఇంటికొచ్చేది. మా అమ్మమ్మ నూనెలో వేయించి, ఉప్పుకారం చల్లి, దగ్గర కూర్చుని తినిపించేది. ఏడాది పొడుగునా అదే. బిడ్డ దవడలో దాచుకుని, మేం అటు తిరగ్గానే కుక్కకు వేసేది. కుక్క నున్నగా తయారైంది. బిడ్డ మాత్రం పడుతూనే ఉంది. సర్కారు దవాఖానలో విటమిన్ చుక్కలు కూడా పోశారు. తేడా లేదు.

అసలు భయం వేరే ఉంది. మా అమ్మమ్మ తమ్ముడొకాయన ఉండేవాడు. ఊరంతా గుడ్డి మల్లయ్య అనే పిలిచేవాళ్ళు. చిన్నప్పుడు రేచీకటితో మొదలై, మీసాలు వచ్చేసరికే చూపు మొత్తం పోయిందని చెప్పుకునేవాళ్ళు. గంట కట్టిన పొట్టేలు మెడకు తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని ఇంటికి వచ్చేవాడట. నా బిడ్డ పడ్డప్పుడల్లా మా అమ్మమ్మ, "తమ్మునిదే వచ్చింది పిల్లకు" అని కళ్ళొత్తుకునేది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం బండిలో జనం పల్చగా ఉన్నారు. మేడం వెనక నుంచి నా మణికట్టు పట్టుకుంది. "మొహమేంటి అట్లా ఉంది?" అంది. ఏం లేదు మేడం అనబోయి భోరుమన్నాను.

"భయం సంగతి తర్వాత. ముందు మాట పూర్తి చెయ్యి."

అంతా చెప్పాను. ఆమె ఓదార్చలేదు. ప్రశ్నలు మొదలుపెట్టింది. పగలు బడిలో బోర్డు కనిపిస్తుందా? ముందు బెంచీలో కూర్చుంటే కనిపిస్తుందన్నాను. రోజురోజుకూ ఎక్కువవుతోందా, మొదటి నుంచీ ఇంతేనా? నడక వచ్చినప్పటి నుంచీ ఇంతే అన్నాను. నెత్తి మీది కళ్ళజోడు తీసి ముక్కు మీద పెట్టుకుని, ముక్కు మీదిది నెత్తి మీదికి తోసి, "ఆ ముసలాయన పగలంతా ఏం చేసేవాడు?" అని అడిగింది.

"గొర్లు కాసెటోడు మేడం."

"గుడ్డాయన గొర్రెలెట్లా కాస్తాడమ్మా?"

నాకు దిమ్మ తిరిగింది. పుట్టినప్పటి నుంచి ఆ కథ వింటున్నాను, ఆ ప్రశ్న ఒక్కరం అడగలేదు.

"మీ అమ్మమ్మని అడుగు. అడిగి నాకు చెప్పు. ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా విను. రాత్రి కనిపించకపోవటం రెండు రకాలుగా రావచ్చు. ఒకటి, దండాలే ఒక్కొక్కటిగా చచ్చిపోతుంటాయి. అదైతే నేను నీకు ధైర్యం చెప్పను, అబద్ధం చెప్పినట్టవుద్ది. రెండోది, దండాలు బతికే ఉంటాయి. సంగతి పంపుతూనే ఉంటాయి, అవతలి కణం అందుకోదు. నేను పల్లీ విసురుతున్నా, నువ్వు పట్టుకోవట్లేదు. అంతే. అదైతే పిల్లకి రాత్రి చూపు రాదు, కానీ ఉన్న చూపు పోదు."

"ఏదో ఎట్ల తెలుస్తది మేడం?"

"కంటికి కరెంటు పరీక్ష ఉంది. కాసేపు చీకట్లో కూర్చోబెట్టి కంట్లో మెరుపు కొడతారు. కణాలు పలికితే మిషన్లో గీత వస్తది. ముందు కిందికి దిగి, తర్వాత పైకి లేస్తది. దిగిందంటే దండాలు బతికున్నాయని. లేచిందంటే పక్క కణం అందుకుందని. గీత అసలు కదలకుండా నేల మీద పడుకుంటే..."

ఆగిపోయింది. నాకు తెలిసి ఆమె మాట మధ్యలో ఆపడం అదే మొదలు. నేనే ఆమె చేయి పట్టుకున్నాను. "ముందు మాట పూర్తి చెయ్యుండ్రి మేడం."

"దండాలు పోతున్నాయని" అంది నెమ్మదిగా. "గీత దిగాలి. పైకి లేవకపోయినా ఫర్వాలేదు. ఆ దిగుడు చాలు మనకి."

ఇంటికి పోయేసరికి మా అమ్మమ్మ వాకిట్లో కూర్చుని మేకపిల్లకు పాలు పట్టిస్తోంది. "అమ్మమ్మా, మల్లయ్య తాత గుడ్డోడు గదా, పగలు గొర్లను ఎట్ల కాసెటోడే?" అన్నాను.

"ఎట్ల కాసుడేంది? అందరు కాసినట్టే. గొర్రె గిట్టల ముల్లు ఇరిగితె మా నాయినకు గూడ దొరకకపోయేది. వాడే దీసెటోడు. కండ్లు గంత సూటి..."

ఆగిపోయింది. మేకపిల్ల ఆమె చేతిలో తల విదిలించుకుంది. నేనూ, సున్నం డబ్బాతో గడప దగ్గరున్న మా మామా ఆమె వంకే చూస్తున్నాం.

"గుడ్డోడు ముల్లెట్ల దీసిండు అవ్వా?" అన్నాడు మా మామ.

మా అమ్మమ్మ మేకపిల్లను కిందికి దించింది. "ఊరోళ్ళు వాన్ని ఎప్పుడు జూసిన్రు బిడ్డా? పొద్దుగాల మబ్బుల, తెల్లారకముందే గొర్లను తోలుకపోయెటోడు. మాపటీలి చీకటైనంక వచ్చెటోడు. గా తాడు వట్టుకొని వచ్చెటప్పుడే జూసిన్రు. ఊరంత గుడ్డోడు గుడ్డోడంటె నేను గూడ అన్న. పగలు అడివిల వాడు మంచిగనే ఉంటుండె. ముసలోడైనంక పొర కమ్మింది, అందరికి కమ్మినట్టే." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సొంత తమ్మున్ని బట్టుకొని గుడ్డోడన్న గదనే!"

నేను వాకిట్లోంచే మేడంకు ఫోను చేశాను. "మేడం, ముల్లు తీసెటోడంట!" అని అరిచాను. అవతల ఏదో కింద పడ్డ చప్పుడు, బహుశా కళ్ళజోడు. "చూశావా? సగం అక్కడే ఉంది. ఇక పరీక్ష చేయిద్దాం" అంది. "చేయించు" అనలేదు, "చేయిద్దాం" అంది.

మిర్యాలగూడలో ఒక కంటి దవాఖానకు పట్నం నుంచి డాక్టరమ్మ చేతిలో పట్టే మిషనుతో వచ్చిపోతుంటుంది. మేడం మాకంటే ముందే వచ్చి కూర్చుంది. నడిస్తే ఆయాసపడుతోంది అప్పటికే. అడిగితే, "నా గుండె సంగతి తర్వాత" అని నా నోరు మూయించింది. బిడ్డ కళ్ళల్లో చుక్కలు వేసి, మమ్మల్ని ముగ్గురినీ ఒక చీకటి గదిలో కూర్చోబెట్టి తలుపు మూశారు. చీకటంటే అదీ చీకటి. నా చేయి నాకే కనిపించలేదు.

"అమ్మా, నీకు గూడ కనవడ్తలేదా?" అంది నా బిడ్డ.

"లేదు బిడ్డా."

"మేడం అమ్మమ్మకు?"

"నాకూ లేదురా తల్లీ. రెండు కళ్ళజోళ్ళున్నా లేదు."

ఫక్కున నవ్వింది నా బిడ్డ. "మంచిగైంది!" అంది. చీకట్లో దాని నవ్వు వినడం నాకదే మొదటిసారి. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మేడం దానికి ఆట నేర్పింది. చేతులు పట్టుకోవాలి, ఒకరు నొక్కితే రెండోవారికి అందించాలి, "వచ్చిందా?" అని అడగాలి. అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ ఎన్నిసార్లు తిప్పారో. ఆడుతూనే నాతో అంది, "ఈ మధ్యే చదివా. దండాలకీ కోనులకీ మధ్య కూడా ఆ తలుపులుంటాయట. పగలు దాదాపు మూసుకుని ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. రాత్రయితే ఇంకొంచెం తెరుచుకుంటాయట. చీకటి పడ్డాకే చెయ్యి గట్టిగా పట్టుకుంటాయి." ఈసారి ఆమె చేతిలో సుద్ద లేదు. పల్లీల ఉప్పు మాత్రం నా వేళ్ళకు తగిలింది.

పరీక్షకు తల్లినొక్కదాన్నే లోపలికి రానిచ్చారు. బిడ్డ కంటి దగ్గర మిషను పెట్టి మెరుపు కొట్టారు. నేను బిడ్డను చూడలేదు, ఆ చిన్న తెరను చూశాను. నా అదృష్టమంతా ఆ తెరలోనే ఉంది. గీత కొంచెం దూరం నేలమీదే పోయింది. నా ప్రాణం అక్కడే పోయిందనుకున్నాను. తర్వాత దిగింది. బావిలోకి బొక్కెన జారినట్టు దిగింది. మళ్ళీ పైకి లేవలేదు.

డాక్టరమ్మ ఏదో ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నేను అడ్డం పడ్డాను. "దిగింది గదా డాక్టరమ్మా? నాకు గదొక్కటి చెప్పుండ్రి."

ఆమె ఆశ్చర్యపోయింది. "దిగింది. బాగా దిగింది. ఇది పెరిగే జబ్బులా లేదమ్మా. రక్తపరీక్ష కూడా పంపిద్దాం, అది వచ్చాక ఖాయంగా చెప్తాను. అద్దాలు వాడాలి. చీకట్లో చెయ్యి పట్టుకుని నడిపించాలి."

"మరి కార్జం?" అంది నా బిడ్డ, కళ్ళు నులుముకుంటూ.

డాక్టరమ్మకు అర్థం కాక నా వంక చూసింది. నేను చెప్పాను. ఆమె నవ్వి, "దీనికి కార్జం అక్కర్లేదు" అంది. నా బిడ్డ కుర్చీ దిగి నాకంటే ముందు బయటికి ఉరికింది, "మేడం అమ్మమ్మా, ఇగ కార్జం లేదంట!" అని అరుస్తూ. బయట బెంచీ మీద మేడం సగం లేచి నిలబడింది. "మేడం, గీత..." అని ఆగాను. నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి తన్నుకొస్తున్నాయి.

"సంతోషం సంగతి తర్వాత" అంది. "ముందు మాట పూర్తి చెయ్యి."

"దిగింది మేడం. గీత దిగింది."

ఆమె కూలబడినట్టు కూర్చుంది. ముక్కు మీదిదీ, నెత్తి మీదిదీ రెండు కళ్ళజోళ్ళూ తీసి ఒళ్ళో పెట్టుకుంది. రెండు అరచేతులతో మొహం కప్పుకుని ఊపిరి వదిలింది. ఆమె కూడా భయపడిందని నాకప్పుడు తెలిసింది.

రక్తపరీక్ష ఫలితం రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆమె బండెక్కడం మానేసింది. ఆమె పోవడానికి వారం ముందు డాక్టరమ్మ ఫోను చేసి, పెరిగే జబ్బు కాదని ఖాయమైంది, ఇక అనుమానం లేదని చెప్పింది. బండిలో ఉండగానే మేడంకు చేశాను. చెల్లెలు ఎత్తి, మంచం మీదుంది, మాట్లాడలేకపోతోంది, చెవి దగ్గర పెడతానంది. నేను ఒక్క మాట కూడా మింగకుండా మొత్తం పూర్తి చేశాను. కాసేపటికి చెల్లెలు, "నవ్వుతోందమ్మా, నా చెయ్యి నొక్కుతోంది" అంది. అందుకే ఆ ఫొటో చూసి నేను హమ్మయ్య అన్నది. ఇప్పుడైనా నన్ను మనుషుల్లో లెక్కెయ్యండి.

పెద్దకర్మ నాడు బిడ్డను తీసుకుని మిర్యాలగూడ పోయాను. మా బ్యాచి వాళ్ళు చాలామందే వచ్చారు. రుమాలు కూడా వచ్చాడు. ఇప్పుడు కోదాడలో ఎరువుల దుకాణం, పార్టీలో ఏదో పదవి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. మేడం ఫొటోకు రెండు కళ్ళజోళ్ళూ పెట్టారు, ముక్కు మీదొకటి నెత్తి మీదొకటి. అది చూసి వాడు ముందు నవ్వి, తర్వాత పక్కకు పోయి కళ్ళు తుడుచుకున్నాడు. వాడు నా దగ్గరికొచ్చి, "నీ బిడ్డ సంగతి మేడం చెల్లెలు చెప్పింది. గ్రూపులో చెప్పనేలేదు నువ్వు" అన్నాడు. ఖాయమయ్యేదాకా ఏం చెప్తాను అన్నాను.

బయల్దేరేసరికి పొద్దుగూకింది. ఆ గల్లీలో మోరీ కాలువ కోసం ఒక పక్కంతా తవ్విపెట్టారు, దీపాలు లేవు. నా బిడ్డ ఒక చేయి నా చేతిలో ఉంది. రెండో పక్కన గుంత. గుంతకూ దానికీ మధ్య రుమాలు నడుస్తున్నాడు, తన కారు రోడ్డు మీదుందని. నా బిడ్డ రెండో చేయి గాల్లోకి చాపింది.

"అంకుల్, చెయ్యియ్యి. నాకు కనవడది."

వాడు ఆగాడు. చేయి జేబులోకి పోయింది, రుమాలు బయటికి వచ్చింది. వాడు భోజనం తడి ఉన్న చేతిని రుమాలుతో గట్టిగా తుడుచుకుని, రుమాలు మళ్ళీ జేబులో కుక్కి, నా బిడ్డ చేయి పట్టుకున్నాడు.

"గట్టిగ వట్టుకో. ఇగ నొక్కు" అంది అది.

వాడికి గుర్తుంది. నాకు తెలుసు గుర్తుందని, ఎందుకంటే చీకట్లో వాడు గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. ఒక్క క్షణం గడవకముందే నా అరచేతిలో నా బిడ్డ వేళ్ళు బిగుసుకున్నాయి.

"అమ్మా, వచ్చిందా?"

"వచ్చింది బిడ్డా" అన్నాను.